రాసినవారి పేరు కూడా రావాలి: ఎగ్జాక్ట్ ఆడియో కాపీ, ఎంపీ3ట్యాగ్‌లపై సమీక్ష

సీడీలో ఉన్న పాటను కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఏ సాఫ్ట్‌వేర్‌కైనా చేతనవుతుంది. ఎక్కిన పాట పక్కన దాని పేరు, సినిమా పేరు, పాడినవారు, బాణీ కట్టినవారు, రాసినవారు తప్పు లేకుండా కనబడినప్పుడే ఆ పని పూర్తయిందని నేను ఒప్పుకుంటాను. ఆ కొలతతో చూస్తే తెలుగు సీడీలకు నేను నమ్మకంగా చెప్పగలిగినవి రెండు. డిస్కును చదవడానికి ఎగ్జాక్ట్ ఆడియో కాపీ, పేర్లు రాయడానికి ఎంపీ3ట్యాగ్. రెండూ విండోస్ కంప్యూటర్‌లో నడుస్తాయి. ఇంట్లో సొంతానికి వాడుకుంటే డబ్బు కట్టనక్కర్లేదు.

నేను నల్లగొండ జిల్లాలో తెలుగు చెప్పి రిటైరైన ఉపాధ్యాయుడిని. పాట చెవిన పడితే ఎవరు రాశారో తెలిసేదాకా నాకు మనసు నిలవదు. ఇంట్లో ఒక చెక్క బీరువా నిండా సీడీలున్నాయి. ప్రకాశం బజారులో క్యాసెట్ల కొట్టు సీడీల కొట్టుగా, ఆ తర్వాత ఫోన్ రీచార్జి కొట్టుగా మారేలోపు కొన్నవి కొన్ని. కోఠికి వెళ్లినప్పుడల్లా తెచ్చినవి కొన్ని. యాదగిరిగుట్ట కింద పూజాసామాను దుకాణాల్లో దొరికిన స్తోత్రాలు, చెర్వుగట్టు జాతరలో తీసుకున్న ఒగ్గు కథలు, బతుకమ్మ పండుగ వచ్చినప్పుడల్లా కొత్తగా వెలువడిన పాటల డిస్కులు కూడా ఉన్నాయి. సగానికి పైగా పాత సినిమా పాటలే. కొత్త లాప్‌టాప్‌లో సీడీ పెట్టే అరే లేదు కాబట్టి, క్లాక్ టవర్ దగ్గర కంప్యూటర్ దుకాణంలో యూఎస్‌బీతో తగిలించుకునే డీవీడీ రైటర్ ఒకటి రెండు వేల లోపు ధరకు తీసుకున్నాను. ఈ పనికి అది చాలు.

పాటల పేర్లు సీడీలోనే ఉంటాయని, కంప్యూటర్ వాటిని చదివి చూపుతుందని చాలామంది అనుకుంటారు. మామూలుగా ఉండవు. 1980లో సోనీ, ఫిలిప్స్ కలిసి ఆడియో సీడీ ప్రమాణాన్ని ఖరారు చేసినప్పుడు డిస్కు మొదట్లో ఒక విషయసూచికకు చోటిచ్చాయి. ఎన్ని పాటలున్నాయి, ఏ పాట ఎక్కడ మొదలవుతుంది అనే అంకెలే అందులో ఉంటాయి. పేర్లు కూడా రాసుకునే సీడీ టెక్స్ట్ అనే ఏర్పాటు 1996లో వచ్చింది కానీ, అది కంపెనీల ఇష్టానికి వదిలేసిన విషయం. నా బీరువాలోని తెలుగు డిస్కుల్లో అది ఉన్నది ఇంతవరకు తారసపడలేదు.

కంప్యూటర్ ఆ అంకెలనే ఆధారం చేసుకుంటుంది. పాటలు మొదలయ్యే స్థానాలను, మొత్తం నిడివిని లెక్కగట్టి డిస్కుకు ఒక గుర్తింపు సంఖ్య తయారుచేసి, ఇంటర్నెట్‌లో ఉన్న జాబితాను ‘ఈ సంఖ్య ఎవరిది?’ అని అడుగుతుంది. ఇది 1990లలో సీడీడీబీ అనే జాబితాతో మొదలైంది. సంగీతం మీద ఇష్టం ఉన్నవాళ్లు తమ తమ ఊళ్లలో కూర్చొని టైపు చేసి పంపిన పేర్లతోనే అది పెరిగింది. తర్వాత అది వ్యాపారంగా మారి గ్రేస్‌నోట్ అయింది. అందరికీ ఉచితంగా ఉండాలని ఫ్రీడీబీ పుట్టింది, అదీ 2020లో మూతపడింది. దాని జాబితా ఇప్పుడు గ్నూడీబీ పేరుతో కొనసాగుతోంది. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ పాత వెర్షన్ ఎవరి దగ్గరైనా ఉంటే సెట్టింగులలో ఫ్రీడీబీ చిరునామా తీసేసి గ్నూడీబీది పెట్టుకోవాలి. లేకపోతే ఆ దారిన ఏ డిస్కుకూ జవాబు రాదు.

వచ్చిన జవాబును కళ్లు మూసుకొని ఒప్పుకోకూడదు. ఫ్రీడీబీ గుర్తింపు సంఖ్యలో ఎనిమిది స్థానాలే ఉంటాయి. చివరి రెండు పాటల సంఖ్య, మధ్య నాలుగు డిస్కు మొత్తం నిడివి, మొదటి రెండు ప్రతి పాట మొదలయ్యే సెకన్ల నుంచి తీసిన చిన్న లెక్క. ఇంత చిన్న సంఖ్య రెండు వేర్వేరు డిస్కులకు ఒకటే పడటంలో వింత లేదు. అచ్చంగా కుదిరేది దొరక్కపోతే దగ్గరగా ఉన్నవాటిని కూడా ముందు పెడుతుంది. డబ్బింగ్ సినిమాల విషయంలో ఈ చిక్కు ఎక్కువ. తమిళ పాటకూ తెలుగు పాటకూ బాణీ ఒకటే, నిడివి ఇంచుమించు ఒకటే. మనం పెట్టింది తెలుగు డిస్కు, తెర మీద వచ్చి కూర్చునేవి తమిళ పేర్లు. ఇంట్లో కాపీ చేసుకున్న డిస్కుల సంగతి ఇంకోటి. పాటకూ పాటకూ మధ్య అదనంగా రెండు సెకన్ల విరామం చేరి ఉంటే స్థానాలన్నీ జరిగిపోయి అసలు డిస్కుతో పొంతనే ఉండదు.

ఇంతకన్నా నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇంకొకటి ఉంది. ఫ్రీడీబీ నమూనాలో ఒక డిస్కుకు కళాకారుడు, ఆల్బమ్, సంవత్సరం, సంగీతం తరహా, పాటల పేర్లు రాసుకోవచ్చు. రచయితకు గడి లేదు. ఒక బృందమే రాసి, బాణీ కట్టి, పాడుకునే పాటలకు ఆ నమూనా సరిపోతుంది, మన సినిమా పాటకు సరిపోదు. ఉన్న ఒక్క కళాకారుడి గడిలో ఒకరు గాయకుడిని రాస్తే ఇంకొకరు సంగీత దర్శకుడిని రాశారు, వేరొకరు హీరోను రాశారు. కవి ఎక్కడా లేడు. సుద్దాల అశోక్ తేజ గారు మా పాత నల్లగొండ జిల్లా మనిషి, ఒకప్పుడు మాలాగే బడిలో పాఠాలు చెప్పినవారు. ఆయన తండ్రి హనుమంతు గారి పాటలు తెలంగాణ సాయుధ పోరాటం నాటి నుంచి ఇక్కడి ఊళ్లలో పాడుకుంటున్నవే. సుద్దాల వారి పాట నా కంప్యూటర్‌లో మోగుతూ, తెర మీద ఆ పేరు లేకుండా ఉంటే నేను సహించలేను. పాటకు ప్రాణం పోసినవారిలో ఒకరిని వదిలేసిన వివరాన్ని సరైన వివరం అనడానికి నాకు నోరు రాదు.

ఇక ఎగ్జాక్ట్ ఆడియో కాపీ పనితనం. జర్మనీకి చెందిన ఆండ్రే వీట్‌హాఫ్ దీన్ని తయారుచేశారు. చూడటానికి పాతకాలం ఆఫీసు లెడ్జరులా గళ్లు గళ్లుగా ఉంటుంది, సోకులేమీ లేవు. దీని గొప్పతనమంతా సెక్యూర్ అనే పద్ధతిలో ఉంది. డిస్కులోని ప్రతి భాగాన్నీ కనీసం రెండుసార్లు చదువుతుంది. రెండూ ఒకటి కాకపోతే మళ్లీ మళ్లీ చదివి, ఎక్కువసార్లు ఒకేలా వచ్చినదాన్ని తీసుకుంటుంది. ఆడియో సీడీకి ఇంత జాగ్రత్త అవసరమే. ఫైళ్లు దాచుకునే డేటా సీడీలో తప్పులు దిద్దడానికి అదనంగా ఒక రక్షణ పొర ఉంటుంది. పాటల సీడీలో ఆ పొర లేదు. సెకనుకు 75 భాగాలు, ఒక్కో భాగంలో 2,352 బైట్లు, అన్నీ పాటకే పోతాయి. గీత పడినచోట చదవలేకపోతే మామూలు ప్లేయర్ అటూ ఇటూ ఉన్న శబ్దంతో ఖాళీని పూడ్చి ముందుకు పోతుంది. ఒకసారి విని వదిలేసేటప్పుడు పరవాలేదు. శాశ్వతంగా దాచుకునే ప్రతిలో అలాంటి అతుకు ఉందో లేదో నాకు తెలియాలి. ఈ సాఫ్ట్‌వేర్ దాన్ని దాచకుండా చెబుతుంది.

ఒక డిస్కు మీద జరిగినది చెబుతాను. రెండు పాత సినిమాల పాటలు కలిపి వేసిన సీడీ అది. టెస్ట్ అండ్ కాపీ అనే ఆదేశం ఇచ్చాను. దీనితో పాటను ఒకసారి ఊరికే చదివి సీఆర్‌సీ అనే సంకేతం లెక్కగడుతుంది, రెండోసారి చదివి ఫైలుగా రాస్తూ మళ్లీ లెక్కగడుతుంది. రెండు సంకేతాలూ ఒకటైతే చదివినదాన్ని నమ్మవచ్చు. మొదటి పాటలన్నీ సాఫీగా అయిపోయాయి. చివరి పాటకు వచ్చేసరికి వేగం పడిపోయింది, డ్రైవు మోత మారింది, తెర మీద చిన్న ఎర్ర దీపాలు ఒకదాని పక్కన ఒకటి వెలగసాగాయి. ముగిశాక వచ్చిన నివేదికలో ఆ పాట కింద అనుమానాస్పదమైన చోటు 0:02:41 అని ఉంది, రెండు సంకేతాలూ వేర్వేరుగా ఉన్నాయి. లేజర్ సీడీని లోపలి నుంచి అంచు వైపు చదువుతుంది కాబట్టి, అంచున గీతలు పడితే దెబ్బ తినేవి చివరి పాటలే. డిస్కు బయటికి తీసి, కొద్దిగా తడిపిన మెత్తటి నూలు బట్టతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడిచాను. గుండ్రంగా మాత్రం తుడవకండి. అలా పడే గీత పాట నడిచే దారి వెంబడే పడుతుంది, దాన్ని దిద్దుకోవడం డ్రైవుకు చాలా కష్టం. మళ్లీ పెడితే ఈసారి సంకేతాలు కలిశాయి. ఆ 2 నిమిషాల 41వ సెకను దగ్గరే వయొలిన్లు తగ్గి గాయని పల్లవిని తిరిగి ఎత్తుకుంటుంది. ఆ ఎత్తుగడ మీద టక్కుమని చప్పుడు పడి ఉంటే ఆ పాట నాకు దక్కనట్టే.

డిస్కు వెనక వైపు గీతల కన్నా పేరు ముద్రించిన వైపు గీతలు ప్రమాదకరమని కూడా చెప్పాలి. మెరిసే పొర ఆ ముద్రణకు సరిగ్గా కిందే, పలచని లక్క పూత చాటున ఉంటుంది. అది ఊడిపోతే ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. పెన్నుతో డిస్కు మీద రాసే అలవాటు ఉన్నవారు మానుకోవడం మంచిది.

ఆక్యురేట్‌రిప్ అనే ఇంకో సదుపాయం ఇందులో ఉంది. ఇదే డిస్కును ఎక్కించుకున్న ఇతరుల సంకేతాలతో మనదాన్ని పోల్చి చూపుతుంది. నా దగ్గరున్న కొద్దిపాటి ఇంగ్లిష్ డిస్కులకు వెంటనే కలిసింది. తెలుగు వాటిలో చాలావాటికి జాబితాలో లేదనే వచ్చింది. అందుకే మనకు టెస్ట్ అండ్ కాపీయే దిక్కు. సమయం రెట్టింపు పడుతుంది. పట్టనివ్వండి, ఒక డిస్కును ఎక్కించేది ఒక్కసారే.

మొదటిసారి సెట్టింగులు పెట్టుకోవడం కొత్తవారికి కష్టమేనని ఒప్పుకోవాలి. డ్రైవును పరీక్షించనివ్వమంటుంది, ఏవేవో సాంకేతిక ప్రశ్నలు అడుగుతుంది. కంప్యూటర్ తెలిసిన పిల్లలెవరినైనా పక్కన కూర్చోబెట్టుకుంటే గంటలో తెములుతుంది, ఆ తర్వాత మళ్లీ ముట్టుకోనక్కర్లేదు. ఫైలు రకం మాత్రం ఫ్లాక్ పెట్టమని గట్టిగా చెబుతాను. సీడీలో నిమిషం పాటకు సుమారు 10 ఎంబీ పడుతుంది. ఫ్లాక్ దాన్ని దాదాపు సగానికి తగ్గిస్తుంది, ఒక్క స్వరం కూడా పోనివ్వదు. ఎంపీ3 ఇంకా చిన్నదవుతుంది కానీ కొంత శబ్దాన్ని వదిలేసి చిన్నదవుతుంది. ఫ్లాక్ ఉంటే ఎప్పుడు కావాలంటే అప్పుడు ఎంపీ3 చేసుకోవచ్చు, ఎంపీ3 నుంచి వెనక్కి రాలేం.

పేర్ల పని ఎంపీ3ట్యాగ్‌లో. పేరులో ఎంపీ3 ఉన్నా ఫ్లాక్ ఫైళ్లకూ ఇది చక్కగా పనిచేస్తుంది. ఫ్లోరియన్ హైడెన్‌రైష్ దీని కర్త. పాటలన్నిటినీ ఒకేసారి ఎంచుకొని సినిమా పేరు, సంవత్సరం, సంగీత దర్శకుడు ఒక్కసారి రాస్తే అన్నిటికీ పడతాయి. రెండు సినిమాల డిస్కుల్లో దీని విలువ తెలుస్తుంది. మొదటి సినిమా పాటలు ఎంచి ఒక ఆల్బమ్ పేరు, మిగతావి ఎంచి ఇంకో ఆల్బమ్ పేరు ఇచ్చి, రెండో సినిమా పాటలకు మళ్లీ ఒకటి నుంచి వరుస సంఖ్యలు వేయించవచ్చు. నేను పాటల పల్లవులను అట్ట చూసి నోట్‌ప్యాడ్‌లో వరుసగా తెలుగులో టైపు చేసి పెట్టుకుంటాను. ఆ జాబితాను వరసలో ఉన్న పాటలకు పేర్లుగా ఎక్కించే ఏర్పాటు ఇందులో ఉంది. తెలుగు టైపు రాదని ఎవరూ వెనకాడనక్కర్లేదు. ఇంగ్లిష్ అక్షరాలతో టైపు చేస్తే తెలుగు పడే కీబోర్డు 2019 నుంచి విండోస్‌లోనే ఉంది.

ఏ గడిలో ఏమి రాయాలన్నది తెలుగు పాటకు ముఖ్యం. ఆర్టిస్ట్ గడి పాడినవారికి, కంపోజర్ గడి సంగీత దర్శకుడికి. లిరిసిస్ట్ అనే గడి వేరేగా ఉంది, దాన్ని తెచ్చి ముందు వరుసలో పెట్టుకున్నాను. ఆల్బమ్ ఆర్టిస్ట్ అనే గడిని చాలామంది ఖాళీగా వదిలేస్తారు. సినిమాలో పాట పాటకూ గాయకులు మారతారు కాబట్టి, అది ఖాళీగా ఉంటే కొన్ని ప్లేయర్లు ఒకే సినిమాను అయిదారు ఆల్బమ్‌లుగా ముక్కలు చేసి చూపుతాయి. అక్కడ సంగీత దర్శకుడి పేరు అన్ని పాటలకూ ఒకటే రాస్తే సినిమా మొత్తం ఒకచోట నిలుస్తుంది. కర్ణాటక సంగీతం డిస్కులకైతే రాగం, తాళం అని కొత్త గడులు కూడా కల్పించుకోవచ్చు, ఫ్లాక్ దానికి అడ్డు చెప్పదు. ఈ పేర్లన్నీ ఫైలు లోపలే రాసి ఉండే చోటును ట్యాగు అంటారు. ఎంపీ3లు కూడా చేసుకునేవారు సెట్టింగులలో ఐడీ3 అనే ఎంపీ3 ట్యాగు పద్ధతిలో రెండో తరాన్ని, తెలుగు లాంటి లిపులను రాయగలిగే యూటీఎఫ్-16 అనే అక్షర పద్ధతిని ఎంచుకోండి. మొదటి తరం ట్యాగులో పాట పేరుకు 30 అక్షరాల చోటే ఉండేది, తెలుగు లిపికి అందులో తావే లేదు.

రాతలో ఏకరూపత తప్పనిసరి. ఎస్పీ బాలు అని ఒకచోట, ఎస్పీబీ అని ఒకచోట, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం అని ఇంకోచోట రాస్తే కంప్యూటర్‌కు ముగ్గురు మనుషులు. సుశీల గారి పేరును ఇంగ్లిష్‌లో రాసినవారు ఒక్కొక్కరు ఒక్కో విధంగా రాశారు, ఘంటసాల గారి పేరూ అంతే. నేను అన్నీ తెలుగు లిపిలో, ఒకే రూపంలో పెట్టాను. పాత కారు ప్లేయర్లలో తెలుగు బదులు డబ్బాలు కనబడతాయి. వాటి కోసం పెన్‌డ్రైవ్‌లో ఇంగ్లిష్ పేర్లతో వేరే ఎంపీ3 ప్రతి వేసుకోవచ్చు. అసలు ప్రతి తెలుగులోనే ఉండాలని నా పట్టు.

సీడీ అట్టలతో వచ్చే చిక్కు వేరు. సాహిత్యం అని రాసి ముగ్గురు కవుల పేర్లు ఒకే వరుసలో అచ్చువేస్తారు. ఎవరిది ఏ పాటో చెప్పరు. ముగ్గురి పేర్లూ అన్ని పాటలకూ అంటించడం నాకు ఇష్టం లేదు. ఒకరు రాసినదాన్ని మరొకరికి కట్టబెట్టినట్టవుతుంది. ఒకప్పుడు సినిమా హాళ్ల దగ్గర పాటల పుస్తకాలు అమ్మేవారు. పాట పైనో కిందో రచయిత పేరు ఉండేది. నా దగ్గర మిగిలిన పుస్తకాలు, తోటి ఉపాధ్యాయుల ఇళ్లలో అటకల మీద ఉన్నవి ఇప్పుడు అక్కరకు వస్తున్నాయి. రుజువు దొరకని పాటకు ఆ గడి ఖాళీగానే ఉంచుతాను.

డ్రైవు అమ్మిన దుకాణంలో పనిచేసే అబ్బాయి నా పాత విద్యార్థి. “సార్, ఈ పాటలన్నీ ఫోన్‌లోనే దొరుకుతున్నాయి కదా, ఇంత శ్రమ ఎందుకు?” అని అడిగాడు. “ఒక పాట పెట్టి, రాసింది ఎవరో చూసి చెప్పు నాయనా” అన్నాను. తన ఫోన్‌లో పెట్టాడు. హీరో పేరు, కంపెనీ పేరు ఉన్నాయి, కవి పేరు లేదు. చెర్వుగట్టు జాతరలో కొన్న ఒగ్గు కథ పేరు చెప్పాను, అది అసలు దొరకనే లేదు. మర్నాడు వాళ్ల నాన్న సీడీల సంచి తీసుకొని ఇంటికి వచ్చాడు.

పది ఇరవై డిస్కులే ఉన్నవారికి ఇంత సరంజామా అక్కర్లేదు. ఫ్రీయాక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. విండోస్, మాక్, లినక్స్ మూడింటిలో నడుస్తుంది, నేర్చుకోవడం సులువు, ఫ్లాక్ కూడా చేస్తుంది. మాక్ వాడేవారికి ఎక్స్‌ఎల్‌డీ మంచిది. దుకాణాల్లో ఒకప్పుడు అమ్మిన, వందేసి పాటల ఎంపీ3 సీడీలకు వీటిలో ఏదీ అవసరం లేదు. అవి మామూలు ఫైళ్లే, కాపీ చేసుకొని ఎంపీ3ట్యాగ్‌లో పేర్లు దిద్దుకుంటే చాలు.

ఇంత చేశాక ఆ పేర్లు మన కంప్యూటర్‌లోనే ఉండిపోకూడదు. 2000లో రాబర్ట్ కే ప్రారంభించిన మ్యూజిక్‌బ్రెయిన్జ్ అనే బహిరంగ జాబితా ఉంది. దాని గుర్తింపు సంకేతం 28 అక్షరాల పొడవు. ప్రతి పాట స్థానాన్నీ లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి ఒక డిస్కును ఇంకొకటిగా పొరబడే అవకాశం చాలా తక్కువ. అన్నిటికన్నా నాకు నచ్చింది, అందులో కవికి చోటుంది. ఈ పాటకు రచయిత వీరు, స్వరకర్త వీరు, గాయకులు వీరు అని విడివిడిగా సంబంధాలు కలపవచ్చు. వాళ్లదే పికార్డ్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఆ సంబంధాలు తెచ్చుకునేలా టిక్ పెడితే రచయిత పేరు దానంతట అదే ట్యాగులోకి వస్తుంది. మన ప్రాంతపు డిస్కులు మాత్రం అందులో బహు తక్కువ. ఖాతా తెరిచి, డిస్కు డ్రైవులో పెట్టి, పికార్డ్ చూపిన సంకేతంతో పాటు అట్ట మీద ఉన్నది ఉన్నట్టు రాస్తే చేరిపోతుంది. సినిమా డిస్కులు ఎవరో ఒకరు ఎక్కిస్తారు. నేను బతుకమ్మ పాటల డిస్కులతో మొదలుపెట్టాను, పాడిన అమ్మల పేర్లు అట్ట మీద చీమ తలంత అక్షరాల్లో ఉంటే భూతద్దం పెట్టి చదివి ఒక్కొక్కటిగా రాశాను. ఇప్పుడు ఒగ్గు కథల వంతు.